పుంటా ఆలోన్ బ్యాండు మేళం

పుంటా ఆలోన్,
నవంబరు 12, 1978

తమ్ముడు అబుందియోకి,

మరియ తల్లి నిన్ను చల్లగా చూడాలి. హాంకాంగ్ నుంచి నువ్వు పంపిన రంగు ఫోటో అందింది. హోటల్ మెట్ల మీద నల్లకోటు వేసుకుని, చేతిలో కార్నెట్ బూర పట్టుకుని భలే నిలబడ్డావు. పక్కింటి ఇపాంగ్ అవ్వకి చూపిస్తే, "వీడెవడే, సినిమాల్లో వేసేవాడా, శవపేటికలు అమ్మేవాడా?" అంది. నువ్వేనని చెప్తే ఫోటోని ముద్దు పెట్టుకుని వక్కాకు మరక అంటించింది. తుడిచినా పోలేదు.

ఇక్కడ ముసురు వదలడం లేదు. పందిళ్ల మీద చేపలు ఎండటం లేదు, ఇంట్లోకి తెస్తే ఇల్లంతా అదే కంపు. నాకు అలవాటే అనుకో. పెళ్లిచేసుకోని ఆడదానికి చేపల కంపు కాపలాకుక్కతో సమానం అంటుంది ఇపాంగ్ అవ్వ.

అసలు విషయానికొస్తాను. మన బ్యాండు పలచబడిపోయింది. ఊళ్లో మగాళ్లంతా సౌదీ వెళ్లిపోతున్నారు. ఎడారిలో ఇళ్లు కట్టడానికి సముద్రం ఒడ్డున పుట్టినవాళ్లే కావాలేమో మరి! ట్రాంబోన్ వాళ్లు ఇద్దరూ పోయారు. కార్నెట్ వాళ్లలో ఒక్కడు మిగిలాడు, వాడికీ వీసా వస్తుందంటున్నారు. ముప్పైమందికి పైగా ఉండే మేళం, లెక్కపెడితే ఇప్పుడు పదిహేనుమంది.

వచ్చే మే నెలలో ఊరి పండక్కి బ్యాండుకి ఎనభై ఏళ్లు నిండుతాయి. ఫాదర్ అమాందో చిన్న పుస్తకం అచ్చు వేయిస్తారట. "నీ దస్తూరి ముత్యాల్లా ఉంటుంది, చరిత్ర నువ్వే రాయి రొసెందా" అన్నారు. దస్తూరికీ చరిత్రకీ సంబంధమేమిటో నాకు తెలీలేదు. సరే, నాన్న చెప్తున్నారు, నేను రాస్తున్నాను. స్పెయిన్ పాదిరీ పారిపోయిన రోజునుంచి మొదలుపెట్టమన్నారు. "పాదిరీ బంగారు గిన్నెలు పడవలో వేసుకున్నాడు, వెండి దీపాలు వేసుకున్నాడు. బూరలు బరువని వదిలేసి పోయాడు. వాడి పడవ చిన్నది కావడం మన అదృష్టం" అన్నారు. అప్పుడు వలలు బాగుచేసే తాతయ్య గుడిలో దూరి ఒక బూర ఎత్తి ఊదాడట. మొదట్లో దున్నపోతు అరుపే వచ్చింది. నెల తిరిగేసరికి దేవుడి పాట పలికింది.

నాకొక కోరిక ఉంది. గుడ్ ఫ్రైడేకి నువ్వు రావాలి. క్రీస్తు పేటిక ముందు మేళం నడవకపోతే ఈ ఊళ్లో దేవుడు చనిపోయినట్టు లెక్కే కాదు, నీకు తెలుసుగా. ఆ ఒక్కరోజు నాన్న బదులు నువ్వు ముందు నిలబడి నడిపించు. నాన్న బాగానే ఉన్నారు. కొంచెం అలిసిపోతున్నారంతే. సెలవు ఇప్పట్నుంచే అడుగు.

నీ అక్క
రొసెందా


హాంకాంగ్,
డిసెంబరు 20, 1978

అక్కా,

క్రిస్మస్ శుభాకాంక్షలు నీకూ నాన్నకీ. ఇపాంగ్ అవ్వకి కూడా. వక్కాకు మరక పడితే పడనీ, ఆ ఫోటోకి అందం వచ్చి ఉంటుంది.

ఇక్కడ సీజను జోరుగా ఉంది. పొద్దున్నా సాయంత్రమూ హోటళ్లలో వాయింపులే వాయింపులు. ఏప్రిల్ సంగతి ఇప్పుడే చెప్పలేను. మేనేజరు ఎలాంటివాడంటే, చచ్చిపోవాలన్నా రెండు వారాలు ముందు చెప్పి చావమంటాడు. చూద్దాం. మాట ఇవ్వను కానీ చూద్దాం.

చరిత్ర రాస్తున్నావంటే సంతోషం. పాదిరీలూ ప్రభువులూ రాసి ఊరుకోకు. మేళం పడవ బోల్తా పడిన సంగతి తప్పకుండా రాయి. అమ్మ చెప్పేది కదా! అవతలి లంకలో పండక్కి వెళ్తుంటే పడవ తిరగబడింది. పెద్ద డ్రమ్ము పట్టుకుని అందరూ తేలారు. మర్నాడు తడిబట్టలతోనే వాయించారు. తియాగో బాబాయ్ వాళ్ల నాన్న పెద్దబూర గట్టిగా ఊదగానే అందులోంచి బతికున్న చేపపిల్ల ఎగిరి ఫాదర్ ఒళ్లో పడింది. లంకవాళ్లంతా అద్భుతమని మోకాళ్ల మీద పడ్డారు. మనవాళ్లు నవ్వు ఆపుకోలేక పాట తప్పారు. ఇది రాయకపోతే నీ పుస్తకం ఎవడు చదువుతాడు?

నా గురించి చెప్పడానికి ఏముంది? తింటున్నాను, తిరుగుతున్నాను. ఇక్కడ చలి. మన పక్క వెల్లుల్లి వేసి వేయించిన అన్నం, నీ ఎండుచేపా తల్చుకుంటే నోరూరుతుంది.

ఒక్క మాట. నీ ఉత్తరంలో నాన్న గురించి రెండు ముక్కలే ఉన్నాయి. మామూలుగా ఆయన మీద నీకు రెండు పేజీల ఫిర్యాదులు ఉంటాయి. ఏమైంది?

అబుందియో


పుంటా ఆలోన్,
జనవరి 28, 1979

అబుందియో,

ఈసారి తమ్ముడని రాయలేదు, గమనించు. "చూద్దాం" అనే మాట ఊళ్లో అప్పు ఎగ్గొట్టేవాళ్లు వాడేది. రావడం ఇష్టం లేకపోతే ఇష్టం లేదని రాయి, నేను ఏడ్చేదేదో ఏడ్చి ఊరుకుంటాను.

నువ్వు పట్టుకున్నావు కనక చెప్తున్నాను. నాన్నకి చెవులు వినపడటం లేదు.

ఎప్పట్నుంచో నాకూ తెలీదు. ఇంట్లో కేకేస్తే పలకకపోవడం ఆయనకి కొత్తేం కాదుగా. పోయిన వారం పడవల మెల్చోర్ పోయాడు. మేళం శవం ముందు నడిచింది. శ్మశానం గేటు దగ్గర పాట అయిపోయింది. అందరూ బూరలు దించారు. నాన్న చెయ్యి ఆగలేదు. తాళం చూపించే కర్ర పైకి లేస్తోంది, దిగుతోంది, మళ్లీ లేస్తోంది. చప్పుడు లేదు. సముద్రం హోరు తప్ప ఏమీ లేదు. జనం తలలు వంచుకున్నారు. అప్పుడు తియాగో బాబాయ్ పెద్దబూర ఎత్తి అడుగు స్వరం ఒకటి ఊదాడు. ఆ వెనకే క్లారినెట్లు అందుకున్నాయి. పాట మళ్లీ మొదట్నుంచి వాయించారు, నాన్న చెయ్యి దించేదాకా. అక్కడ ఏడవనివాళ్లు లేరు. మెల్చోర్ కోసం మాత్రం కాదు.

నాన్నకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు సాధన మన వాకిట్లో ఎలా జరుగుతోందో తెలుసా? ముందు నాన్న నిలబడి కర్ర ఆడిస్తారు. ఆయన వెనక కిటికీలో నేను. చేపలు తిరగేస్తున్నట్టు నటిస్తూ చేత్తో తాళం వేస్తాను. మేళం మొత్తం నాన్న భుజం మీంచి నన్ను చూస్తుంది. పాటలన్నీ నాకు కంఠతా వచ్చు కదా, కొత్తగా చేరినవాళ్లకి ఇన్నేళ్లూ స్వరాలు నేర్పింది నేనే. మరి ఊరేగింపులో కిటికీ ఎక్కడ తెచ్చేది?

ఇంకో సంగతి. చరిత్ర రాస్తుంటే నాన్న 1941లో ఆగి, అక్కడ్నుంచి 46కి దూకారు. మధ్యలో ఏమైందని కాగితం మీద రాసి చూపిస్తే, "యుద్ధం. అంతే రాయి" అన్నారు. పోయి ఇపాంగ్ అవ్వని అడిగాను.

"మగాళ్లంతా కొండల్లో దాక్కుంటే చచ్చినవాళ్లకి ఎవరు వాయించారనుకున్నావే?" అంది. "కుక్కల్ని పూడ్చినట్టు పూడుస్తామా? ఆడవాళ్లమే వాయించాం. నేను చిన్న డ్రమ్ము. మీ లొరెటా అత్త కార్నెట్. ఆ పిల్ల ఊదుతుంటే శవం లేచి కూర్చుంటుందేమోనని భయమేసేది."

"తర్వాత?"

"తర్వాతది మీ నాన్ననడుగు." అని వక్కాకు నోట్లో వేసుకుంది.

మన లొరెటా అత్త! మనీలాలో పెళ్లికూతుళ్లకి గౌన్లు కుట్టి కుట్టి చచ్చిపోయిన అత్త! నాకు ఆవిడ మొహం కూడా సరిగ్గా గుర్తులేదు. నువ్వు చదువుకున్నన్నాళ్లూ ఆవిడ ఇంట్లోనే ఉన్నావుగా, నీకెప్పుడైనా చెప్పిందా?

రొసెందా


హాంకాంగ్,
ఫిబ్రవరి 15, 1979

అక్కా,

నాన్న సంగతి చదివాక ఇంకా నా సంగతి దాచడం బాగుండదు.

పోయిన మార్చిలో ఒక పొద్దున పళ్లు తోముకుంటుంటే నోట్లో నీళ్లు నిలవలేదు. ఎడమపక్కనుంచి కారిపోయాయి. అద్దంలో చూసుకుంటే సగం మొహం నాది, సగం ఎవరిదో. ఏదో నరం చచ్చుబడిందన్నాడు డాక్టరు. కొందరికి పూర్తిగా తగ్గుతుందట, కొందరికి సగమే. నాకు సగం తగ్గింది. ఇప్పుడు కన్ను మూతపడుతుంది, అన్నం తినగలను, మాట్లాడితే అవతలివాళ్లకి అర్థమవుతుంది. కార్నెట్ మాత్రం లేదు. పెదవులు బిగించి ఊదితే గాలి ఎడమ మూలనుంచి జారుకుంటుంది, మన స్పెయిన్ పాదిరీలాగా.

హోటల్ వాళ్లు మర్యాదగానే సాగనంపారు. ఇప్పుడు క్వాక్ గారని ఒక ముసలాయన కొట్లో వాద్యాలు బాగుచేస్తున్నాను. సొట్టలు తీస్తాను, మీటలు బిగిస్తాను, బ్యాండ్లకి పాటల కాగితాలు రాసిస్తాను. కష్టమేమీ లేదు. బాగుచేసిన బూర పలుకుతోందో లేదో చూడటానికి మాత్రం పక్క కొట్టు కుర్రాణ్ణి పిలవాలి. నీకు పంపిన ఫోటో రెండేళ్ల కిందటిది.

నాన్నకి ఏమని చెప్పను? ఆయన నా చిన్నప్పట్నుంచి ఈ మూతినే చూసి మురిసిపోయేవాడు. "ఇది కార్నెట్ కోసం పుట్టిన మూతి" అని ఊరంతా చాటాడు.

అత్త గురించి అడిగావు. నాకు కార్నెట్ నేర్పింది కాలేజీ కాదక్కా. అత్తే. కాలేజీలో మాస్టరు తప్పులు వెతికేవాడు, అత్త ఊపిరి నేర్పింది. కుట్టుమిషను పక్కన స్టూలేసి కూర్చోబెట్టి, నోట్లో గుండుసూదులు పెట్టుకునే, "భుజాలతో కాదురా, పొట్టతో" అని కసిరేది. ఎప్పుడైనా బుద్ధి పుడితే నా బూర తీసుకుని, దాని నోట్లో గౌన్ల పీలికలు కుక్కి ఊదేది. దుప్పటి కింద ఎవరో పాడుతున్నట్టు ఉండేది. ఆ పీలికలు తీసి ఊదవచ్చు కదత్తా అంటే, "పక్కింటి పసిబిడ్డ నిద్రపోతోంది" అనేది. పక్కింట్లో పసిబిడ్డ లేదు. ఉన్నది ఒక రిటైరైన పోలీసు.

"ఇది ఊళ్లో చెప్పకు, మీ నాన్న బాధపడతాడు" అంది. కోపగించుకుంటాడు అని నేను అర్థం చేసుకున్నాను. ఇప్పుడు నీ ఉత్తరం చదివాక అనిపిస్తోంది, ఆవిడ అన్నది బాధపడతాడనే.

అబుందియో


పుంటా ఆలోన్,
మార్చి 4, 1979

నా తండ్రీ, నా తమ్ముడూ,

ఏడాదినుంచి సగం మొహంతో తిరుగుతూ నాకు జోకులు రాస్తున్నావా? నీ ఉత్తరం పట్టుకుని చేపల పందిరి కిందే కూలబడ్డాను. పిల్లి వచ్చి మంచి చేపలన్నీ ఎత్తుకుపోయింది. పోనీ. మీద దుప్పటి కప్పుకో, చలిగాలి తగలనివ్వకు. కొబ్బరినూనె వెచ్చచేసి రాసుకో. నవ్వకు, రాసుకో.

ఇక్కడ ఏమైందో చెప్తాను. పలకమీద రాసి నాన్నకి చూపించాను: "లొరెటా అత్త కార్నెట్ ఊదేదా?" ఆయన పలక పక్కన పెట్టారు. తర్వాత చెప్పడం మొదలుపెట్టారు. తన గొంతు తనకి వినపడదు కదా, మెల్లగా చెప్తున్నాననే అనుకున్నారు పాపం. ముప్పై అయిదేళ్లు కడుపులో దాచుకున్నది ఊరు ఊరంతటికీ వినపడేలా అరిచి చెప్పారు. పందిళ్ల దగ్గర ఆడవాళ్లు బుట్టలు పట్టుకుని ఉన్నచోటే నిలబడిపోయారు. తియాగో బాబాయ్ కంచె అవతల టోపీ తీసేశాడు. లోపలికి రండి నాన్నా, మెల్లగా నాన్నా అని సైగ చేశాను. చూడలేదు.

జపాను సైనికులు అప్పుడు మన బడిలో ఉండేవారు. నాన్నా మిగతా మగాళ్లూ కొండల్లో ఉన్నారు. ఎవరో ముసలాయన పోతే అత్త కార్నెట్ ఊదుతూ శవం ముందు నడిచింది. దారి బడి మీదుగానే కదా. అక్కడొక అధికారి వరండాలో కూర్చుని విన్నాడట. పాటలంటే ప్రాణమట వాడికి. చక్కగా చేతులు కట్టుకుని లేచి నిలబడ్డాడట కూడా. మర్నాడు మనిషిని పంపాడు, బూర తీసుకుని రమ్మని. అత్త వెళ్లింది. వెళ్లకుండా ఉండే దారి లేదు. బయటికి వచ్చింది అమెరికా ఓడలు కనిపించాకే.

ఊరు ఏమందో నాన్న చెప్పలేదు. ఇపాంగ్ అవ్వ చెప్పింది. "వాళ్లకి వాయించింది" అన్నారట. నీళ్ల పంపు దగ్గర, గుళ్లో, అంతటా అదే మాట. ఏం జరిగిందని ఒక్కరూ అడగలేదు. అత్త చేపల లారీ ఎక్కి మనీలా వెళ్లిపోయింది.

"ఇంట్లో వాయిస్తే ఇంట్లోవాళ్లు వింటారు," అన్నారు నాన్న చివర్లో. "వీధిలో వాయిస్తే ఎవడు వింటాడో మన చేతిలో లేదు. నా ఇంటి ఆడపిల్ల వీధిలోకి బూర పట్టుకుని వెళ్లదు. ఆ రోజే అనుకున్నాను."

ఇన్నేళ్లూ నేను ఆయన్ని ఇంకోలా అనుకున్నాను, అబుందియో. ఆడవాళ్లకి ఊపిరి చాలదు, వేళ్లు తిరగవు అనుకునే మొండి మనిషి అనుకున్నాను.

నీ మూతి సంగతి కూడా పలకమీద రాశాను. రాయక తప్పలేదు. చదివి పలక నా చేతికిచ్చారు. తర్వాత లేచి, "కర్ర పట్టుకోడానికి మూతెందుకు? రమ్మను" అన్నారు. తన చెవుల సంగతి తనకి తెలుసునట. మెల్చోర్ శవం రోజునే తెలిసిందట. పాట రెండోసారి మొదలైనప్పుడు క్లారినెట్ వాళ్ల బుగ్గలు చూసి గ్రహించారట.

కాబట్టి వచ్చెయ్యి. నువ్వు వస్తే నాన్నకి బెంగ తీరుతుంది, మేళం నిలబడుతుంది. ఆయన మాట వినగానే నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఎందుకో తెలీదు. తెలుసు కూడా అనుకో. అది వదిలెయ్యి.

నీ అక్క


హాంకాంగ్,
మార్చి 18, 1979

అక్కా,

నేను రాను.

సెలవు దొరుకుతుంది, క్వాక్ గారు మంచాయన. ఓడ ఖర్చులకీ లోటు లేదు. నాన్న మాట విన్నప్పటినుంచి కాళ్లు నిలవడం లేదు, నిజం. తెల్లబట్టలు వేసుకుని మేళం ముందు నిలబడినట్టు, ఊరంతా నా వంకర మూతి మర్చిపోయి చెయ్యి చూస్తున్నట్టు పగటికలలు కూడా కన్నాను. అయినా రాను. నేను వస్తే ఆ కర్ర నాకిస్తారు. ఎవరి చేతిలోంచి తీసి ఇస్తారో నీకు తెలుసు. వదిలెయ్యమన్నావు కానీ నేను వదల్లేదు.

నేను పదిహేడేళ్లుగా ఆ ఊళ్లో లేను. ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో నాకేం తెలుసు? నువ్వు కిటికీలోంచి రెండు నెలలుగా నడిపిస్తున్నావు. బయటికి రా. చెప్పులేసుకో, గుమ్మం దిగు.

ఇందులో కాగితాలు పెట్టాను. మూడు శోకగీతాలనీ పదిహేనుమందికి సరిపోయేలా తిరగరాశాను. కార్నెట్ వరసలు క్లారినెట్‌లకి మార్చాను. ట్రాంబోన్‌లు పోయినచోట తియాగో బాబాయ్ ఒక్కడే రెండు పనులు చెయ్యాలి. తిడతాడు, పట్టించుకోకు. రెండో పాటలో మధ్యన కార్నెట్ ఒంటరిగా ఊదే చోటు ఉంది కదా, అది అలాగే ఉంచాను. మిగిలిన ఆ ఒక్కడికీ వీసా వచ్చి వెళ్లిపోతే, ఆ చోటు ఎవరికీ ఇవ్వకు. డ్రమ్ము మాత్రం మెల్లగా నడవనీ. బావుంటుంది, నమ్ము.

నాన్న అన్నదాని గురించి చాలా ఆలోచించాను. వీధిలో ఎవడు వింటాడో మన చేతిలో లేదు. నిజమే. కానీ నేను అత్తతో మూడేళ్లు ఉన్నాను. ఎవరూ వినకుండా ఊదడం ఎలా ఉంటుందో కళ్లారా చూశాను. అది బతకడమే కావచ్చు. బాగుందని మాత్రం నేను అనలేను. కావాలంటే ఈ మాట పలకమీద రాసి నాన్నకి చూపించు.

కొబ్బరినూనె రాసుకుంటున్నాను. క్వాక్ గారు నన్ను చూసి ముక్కు మూసుకుంటున్నారు.

నీ తమ్ముడు
అబుందియో


పుంటా ఆలోన్,
ఈస్టర్ ఆదివారం, 1979

తమ్ముడూ,

క్రీస్తు లేచాడు. మేమూ పొద్దున్నే లేచి మరియ తల్లీ, లేచిన కొడుకూ కలుసుకునే ఊరేగింపుకి వాయించి, ఇప్పుడే ఇంటికొచ్చాం. కొబ్బరిపాలలో చిలగడదుంపలు ఉడుకుతున్నాయి. అడుగంటేలోపు రాసెయ్యాలి.

నీ మాట పలకమీద రాసి నాన్నకి చూపించాను. చదివారు. తడిగుడ్డతో తుడిచేశారు. ఆ రోజునుంచి నాతో మాట్లాడలేదు. సాధనకి బయటికి రావడం మానేసి లోపల గోడవైపు తిరిగి పడుకునేవారు. నేను గుమ్మం దిగాను.

మేళంలో కూడా అందరూ ఊరుకోలేదు. "ఆడది ముందు నడిస్తే వెనక నేను నడవను" అన్నాడు పెద్ద డ్రమ్ము ఒసోరియో.

"జన్మంతా మీ ఆవిడ వెనకే నడుస్తున్నావు కదరా," అన్నాడు తియాగో బాబాయ్. "ఆ అలవాటుతోనే నడు."

అందరూ పగలబడి నవ్వారు, ఒసోరియో కూడా. వాడు ఉన్నాడు. ఇద్దరు మాత్రం వెళ్లిపోయారు. ఒకడు క్లారినెట్, రెండోవాడు ఇత్తడి తాళాలు వేసేవాడు. వాటిని నా కాళ్ల దగ్గర పెట్టి పోయాడు. కార్నెట్ కుర్రాడికి నువ్వన్నట్టే వీసా వచ్చింది. పన్నెండుమంది మిగిలారు, అపొస్తలుల లెక్క అన్నారు ఫాదర్ అమాందో. వాళ్లలో ఒకడు ఏం చేశాడో గుర్తు చెయ్యడం బాగుండదని ఊరుకున్నాను.

శుక్రవారం మూడు దాటాక గుడి ముందు వరస కట్టాం. అమ్మ నల్లగౌను వేసుకున్నాను, చంకల దగ్గర బిగుతు. జనం గుసగుసలు వినపడుతూనే ఉన్నాయి. తాళాలు గుడి మెట్టు మీద పెట్టాను, అవి లేకుండానే నడుద్దామని. అద్దాల పేటికలో క్రీస్తుని బయటికి తెస్తున్నారు. అంతలో జనం పక్కకి జరిగారు. చూస్తే నాన్న. తెల్ల యూనిఫారం, ఇస్త్రీ చేసి ఉంది. టోపీ. ఎప్పుడు లేచారో, ఎవరు ఇస్త్రీ చేశారో నాకు తెలీదు.

కర్ర తీసుకోడానికి వచ్చారనుకున్నాను. అనుకుని రెండు చేతులతో ముందుకి చాచాను, తమ్ముడూ. ఒట్టు, మనసులో ఇవ్వాలని లేదు, అయినా చాచాను. ఆయన కర్రకేసి చూశారు. నాకేసి చూశారు. నన్ను దాటుకుని వెళ్లి, వంగి, మెట్టు మీది తాళాలు తీసుకుని చివరి వరసలో ఒసోరియో పక్కన నిలబడ్డారు.

నలభై ఏళ్లు ముందు నడిచిన మనిషి.

తాళాలు అంటే ఎవరైనా వేస్తారనుకుంటారు జనం. శోకగీతంలో అవి గట్టిగా మోగకూడదు, ఒకదాన్నొకటి ఒరుసుకోవాలి, సరిగ్గా డ్రమ్ముతో పాటే. చెవులు లేనివాడికి దానికి ఒకటే దారి. నా చెయ్యి చూడాలి. మామూలుగా నేను ముందుకి చూస్తూ నడవాలి, చెయ్యి పైకెత్తితే చాలు. చివరి వరసకి అది కనపడదు. అందుకని తిరిగి మేళానికి ఎదురుగా నిలబడి, వెనక్కి నడవడం మొదలుపెట్టాను. చేపల పందిళ్ల ఆడవాళ్లు ఇద్దరు పరుగున వచ్చి నా రెండు పక్కలా చేరారు. "గుంట రొసెందా, ఎడమకి." "మెట్టు, మెట్టు." "పేడ, చూసుకో." అలా చెప్తూనే ఉన్నారు. ఒకామె ఏడుస్తూ చెప్పింది, ఇంకొకామె నవ్వుతూ చెప్పింది.

బడి దగ్గరికొచ్చేసరికి రెండో పాటలో ఆ ఒంటరి చోటు వచ్చింది. నువ్వు చెప్పినట్టు ఎవరికీ ఇవ్వలేదు. డ్రమ్ము, తాళాలు, మా అడుగుల చప్పుడు, అంతే. ఇపాంగ్ అవ్వని బడి గోడ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ఎవరో లేపుతుంటే వద్దని తోసేసి తనే లేచింది. నాన్న బడివైపు తిరగలేదు. నా చేతినే చూస్తున్నారు. నేనూ ఆయన్నే చూశాను. మా నాన్న కళ్లు తేనెరంగువని నాకు ఈ వయసులో తెలిసింది.

ఇంటికొచ్చాక అన్నం వడ్డించాను. నాన్న చరిత్ర కాగితాలు తెమ్మన్నారు. యుద్ధం దగ్గర వేలు పెట్టి, "ఇక్కడ లొరెటా పేరు రాయి. కార్నెట్ అని రాయి. ఇపాంగ్ పేరు, మిగతావాళ్ల పేర్లు కూడా కనుక్కుని రాయి. ఇంకేమీ వద్దు" అన్నారు. ఆ పేర్లు వీధి అవతలికి కూడా వినపడ్డాయి. ఈసారి మెల్లగా మాట్లాడమని సైగ చెయ్యలేదు నేను.

తర్వాత బూట్లు విప్పుకుంటూ, ఇంకెవరినో అన్నట్టు అన్నారు:

"మార్కెట్ మలుపు దగ్గర తొందరపడ్డావు."

ఆయన మేళంలో తిట్టనివాడు లేడని నీకు తెలుసు. నిన్ను బూర నేలకేసి కొట్టి ఏడిచేలా తిట్టారు. తియాగో బాబాయ్‌ని ఇప్పటికీ తిడతారు. నన్ను ఎన్నడూ పాట విషయంలో ఒక్క మాట అనలేదు. మెచ్చుకోలేదు, తప్పూ పట్టలేదు. నేను అన్నం గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"వెనక్కి నడుస్తున్నాను కదా నాన్నా, గోడ తగులుతుందేమోనని..." అన్నాను, వినపడదని మర్చిపోయి.

ఏం అంటున్నానో పెదాలు చూసి పట్టినట్టున్నారు. "సాకులు చెప్పకు" అన్నారు.

మర్నాడు తియాగో బాబాయ్‌ని అడిగాను. "అవును, తొందరపడ్డావు," అన్నాడు. "నేను ఊపిరి తీసుకోలేకపోయాను." కాబట్టి నాన్న అన్నది నిజమే. ఆయన తాళాలు భుజాన తగిలించుకుని ఇప్పుడు ఒసోరియో ఇంటికి బయల్దేరారు. వాడు డ్రమ్ము వెనకబడి కొడుతున్నాడట, చెప్పి రావాలట. వచ్చే ఏడు ఆ మలుపు నేను నెమ్మదిగా తిప్పుతాను.

నీ అక్క
రొసెందా